లిప్‌స్టిక్ డబ్బాలో మూడు తీగలు

భోజనాల గది, మధ్యాహ్నం. బల్ల దగ్గర వదినా మరదళ్ళు. పక్క గదిలో కుట్టుమిషను ఆగకుండా నడుస్తోంది.

"అబ్బ, కదపకే! కదిపితే అతుకు ఊడిపోతుంది."

"నేను కదపట్లేదు వదినా. నవ్వొస్తోంది, అదే కదుపుతోంది."

"నవ్వు ఆపుకుని ఆ ఎర్ర తీగ గట్టిగా పట్టుకో."

"ఎలా ఆపుకోను? కెమెరా రిమోటుకి అడాప్టర్ చేస్తానని చెప్పి, నా లిప్‌స్టిక్ మొత్తం చెంచాతో గీకి పారేశావ్. డబ్బా కోసం!"

"అది కొని ఎన్నాళ్ళయింది? ఒక్కసారైనా రాసుకున్నావా?"

"రాసుకున్నా. ఉద్యోగం ఇంటర్వ్యూకి."

"అందుకే మనుషులు లేని కొండ మీద వేశారు."

"వదినా!"

"నవ్వకు, నవ్వకు, సీసం ఒలుకుతుంది! పొగ పీల్చకు, పక్కకి తిరుగు... ఆఁ. అంటుకుంది. వదులు."

"ఇది నిజంగా పనిచేస్తుందంటావా?"

"ఎవరిననుకున్నావ్? రోజూ చెవిమిషన్లు బాగుచేసే చెయ్యి ఇది. గోరంత యంత్రంలో వెంట్రుకంత తీగలు అతుకుతాను. ఇవి నాకు మోకులతో సమానం. సరే, మళ్ళీ చెప్తా విను. నీ కెమెరాకున్న రిమోటు చిల్లు ఓ వింత ఆకారం. దానికి సరిపోయే రిమోటుని పక్కింటి కుక్క నమిలింది."

"బటన్ నమిలింది. పిన్ను వదిలేసింది, దాని దయ."

"ఆ పిన్ను మనం కోసుకున్నాం. బజార్లో దొరికిన పొడుగు వైరు రిమోటుకేమో గుండ్రంగా సన్న పిన్నుంది. కెమెరాలో దూరదు. అందుకని రెంటికీ మధ్యన ఈ అడాప్టర్. ఒక పక్క కుక్క వదిలిన పిన్ను, ఇంకో పక్క పాత రేడియోలోంచి పీకిన సాకెట్టు."

"నడుమ నా అందం."

"మూడే తీగలు. ఒకటి ఉమ్మడిది. దానికి రెండోది తగిలితే ఫోకస్ అవుతుంది, మూడోది తగిలితే ఫొటో పడుతుంది. అంతే."

"అయితే ఆ ఉమ్మడి తీగ మా అమ్మ. నువ్వు తగిలితే ఊరికే చూస్తుంది. నేను తగిలితే ఠాప్‌మంటుంది."

"ష్! అత్తయ్య వింటారు."

"వినదు. కుట్టుమిషను ముందు కూర్చుంటే చెవిమిషను తీసి డబ్బాలో పెట్టేస్తుందిగా. ఆ రొదకి తల పగిలిపోతుందని. ఇవాళ్టి అలవాటా అది?"

"ఏమోనే. మొన్న నేను కొత్తది పెట్టిన్నుంచి వీధి చివర ఎవరైనా దగ్గినా చెప్తున్నారు."

"మరి ఇంకా నయం. అంత వినపడేదాన్ని పెట్టుకుని కుట్టుమిషను దగ్గర కూర్చోగలదా? కావాలంటే చూడు. అమ్మా! పాలు పొంగిపోతున్నాయ్!"

"ఏం అరుపే అది!"

"అమ్మా! స్టవ్వంతా పాలు!"

"పిచ్చుకా, నెమ్మదే!"

"చూశావా? పాలు పొంగాయన్నా మిషను ఆగలేదు. ఈ ఇంట్లో అంతకన్నా పెద్ద పరీక్ష ఏముంది? ఇంక నీ ఇష్టమొచ్చినంత గట్టిగా మాట్లాడు."

"సరే అయితే. ఏదీ, ఆ పిన్ను కెమెరాలో పెట్టు. కెమెరాని గోడ అరలో ఇంకా పైకి జరుపు. డబ్బాల వెనక్కి. కనిపిస్తోందా?"

"కారం డబ్బాకీ పప్పు డబ్బాకీ మధ్య ఒక్క కన్నే కనిపిస్తోంది. దొంగలా ఉంది."

"ఆ కన్ను ఈ కుర్చీలని చూస్తోందా? అత్తయ్య కూర్చునేది ఇక్కడ, మనిద్దరం ఇటూ అటూ."

"చూస్తోంది. ఫోకస్ నేనే తిప్పి పెట్టేశా, ఇంక మారదు."

"ఇప్పుడు స్క్రూడ్రైవర్ కొసతో ఉమ్మడిదానికీ మూడోదానికీ తగిలిస్తున్నా. దేవుడా..."

"టక్‌మంది! వదినా, టక్‌మంది! పడింది, ఫొటో పడింది!"

"అరవకే! కుర్చీ ఎక్కి గంతులేంటి, దిగు!"

"నువ్వు బంగారం వదినా. నిన్ను మా ఇంటికి తెచ్చినందుకు అన్నయ్యకి ఇన్నాళ్ళకి ఒక మార్కు వేస్తున్నా."

"ఒకటేనా?"

"మిగతావి నీకే. సరే, ప్లాను ఇంకోసారి. టీ టైముకి అమ్మ ఇక్కడ కూర్చుంటుంది. నేను కత్తెర వెతుకుతానని ఆ గదిలోకి వెళ్తా. నువ్వు నవ్విస్తావ్. తలుపు సందులోంచి చూసి, అమ్మ నవ్వగానే నేను నొక్కుతా."

"నాకర్థం కానిది ఒకటి. బటన్ బల్ల కిందే పట్టుకుని నువ్వు ఇక్కడే కూర్చోవచ్చుగా? పక్క గది దాకా వైరెందుకు?"

"నాకు దొంగపని చేస్తుంటే నవ్వొస్తుంది వదినా. అమ్మ నా మొహం చూసిందంటే అయిపోయింది. చిన్నప్పుడు బెల్లం తిన్నా అంతే. గిన్నె చూడక్కర్లేదు, నా మొహం చూసేది."

"అవునవును, ఇప్పుడూ అలాగే ఉంది నీ మొహం. మరి బటన్ ఎక్కడ పెట్టావ్?"

"కుట్టుమిషను పక్కన కిటికీ గూట్లో. గుడ్డముక్కల సంచి వెనక. అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు వైరు గుమ్మం కింద నుంచి లాగి పెట్టేశా."

"భలే దొంగవే. సరే, ఆ వైరు అడాప్టర్‌కి తగిలించు. మూత బిగిస్తా... అయిపోయింది. లిప్‌స్టిక్ మళ్ళీ లిప్‌స్టిక్‌లాగే ఉంది."

"నిజానికి ఇంత రాద్ధాంతం ఎందుకు వదినా? ఫోను ఎత్తి తీసేస్తే పోయేదానికి."

"ఎత్తు. ఎత్తి చూడు. నీ చెయ్యి జేబు దాకా వెళ్ళేలోపు మీ అమ్మ వంటింట్లో ఉంటారు. మా పెళ్ళి ఆల్బమ్ మొత్తంలో అత్తయ్య అంటే ఒక మోచెయ్యి, ఒక ముడి."

"ఆ ముడి కూడా కదిలిపోయి ఉంటుంది."

"మా అమ్మ ఆ ఆల్బమ్ చూసి అడిగింది, 'మీ అత్తగారు పెళ్ళికి రాలేదా' అని."

"అమ్మ గుర్తింపు కార్డు ఫొటో చూశావా? అది తప్పించుకోలేకపోయింది. ఇదుగో ఇలా, మూతి బిగించి, కళ్ళు ఇంతింత చేసి, ఊపిరి బిగబట్టి..."

"అచ్చం! అమ్మో, అచ్చం అలాగే! పొట్ట నొప్పెడుతోందే, ఆపు!"

"ఆ కౌంటర్లో ఆయన కార్డు చూసి నన్ను పక్కకి పిలిచి, 'మీ అమ్మగారికి మా మీద ఏమైనా కోపమా' అని..."

"ఆపవే తల్లీ, ఊపిరాడట్లేదు..."

"వదినా."

"ఊఁ?"

"ఏదో టక్‌మంది."

"ఏది?"

"కెమెరా. ఇప్పుడే. దానంతటదే."

"నువ్వు తగిలావేమో."

"నా చేతులు ఇక్కడే ఉన్నాయిగా. ఎవరూ నొక్కకుండానే పడింది."

"అయితే లోపల షార్ట్ అయ్యుంటుంది. ఇనప డబ్బా కదా, అతుకు దానికి తగులుతోంది. తీయ్. టేపు చుడదాం."

"చూశావా, నా లిప్‌స్టిక్ నిన్ను క్షమించలేదు."

"పళ్ళతో టేపు కొరక్కు, కత్తెర తీసుకో. ఆఁ, చుట్టు. మళ్ళీ తగిలించు."

"పిచ్చుకా! కత్తెర నీ దగ్గరుందా?"

"అమ్మ! వదినా, అమ్మ పిలుస్తోంది! సోల్డరింగ్ ఐరన్ దాచు!"

"కాలుతోంది, ఎక్కడ దాచను? జవాబు చెప్పు!"

"లేదమ్మా!"

"ఏంటీ?"

"లేదూ!"

"ఏదీ?"

"కత్తెర!"

"అదే, ఉందా?"

"లేదంటున్నా!"

"సరే, తీసుకురా."

"చచ్చాం. తీసుకురమ్మంటోంది."

"వద్దులే, దొరికింది!"

"హమ్మయ్య. చూశావా వదినా? చెవిలో లేదు. ఉంటే ఇంత గోల ఉండేదా?"

"అత్తయ్య 'ఏదీ' అంటే నువ్వు 'కత్తెర' అన్నావ్ చూడు, ఆ గొంతు! దొరికిపోయిన దొంగ గొంతు!"

"నీ సంగతి చూసుకో! ఐరన్‌ని పిల్లాడిని దాచినట్టు కొంగు కింద దాచబోయావ్!"

"కొంగు కాలేది! అమ్మో, తల్చుకుంటే..."

"ఆఁ! మళ్ళీ! విన్నావా?"

"విన్నా. టక్‌మంది. టేపు చుట్టాం కదే!"

"వదినా, ఒకటి గమనించావా? మనం నవ్వినప్పుడే పడుతోంది."

"నవ్వితే నువ్వు బల్ల గుద్దుతున్నావుగా. బల్ల ఊగితే వైరు ఊగుతుంది. వైరు ఊగితే అతుకు తగులుతుంది. డబ్బా మార్చేద్దాం. ఇనుము వద్దు, ప్లాస్టిక్ కావాలి. ఏదైనా గొట్టం చూడు."

"ఈ పెన్ను?"

"మీ అన్నయ్యది. విరగ్గొట్టు."

"అయ్యో, అడక్కుండానా?"

"అడిగితే ఇవ్వరు. అందుకే అడగట్లేదు."

"అత్తింట్లో ఇంత ధైర్యం ఎప్పుడొచ్చింది వదినా నీకు? వచ్చిన కొత్తలో నీళ్ళ గ్లాసు కావాలన్నా నన్నే అడిగేదానివి."

"అడిగేదాన్ని. అత్తయ్యని అడగాలంటే భయం. ఆ మూతి బిగింపు ఫొటోల్లోనే అనుకోకు, నాకు మామూలుగా కూడా అదే కనిపించేది. నువ్వే లేకపోతే... తీగ పట్టుకో."

"పట్టుకున్నా. లేకపోతే?"

"ఏం లేదు. తెల్ల తీగ ఇటివ్వు."

"వదినా, లేకపోతే?"

"లేకపోతే ఈ ఇంట్లో నేనెవరితో నవ్వాలే? రేపు నువ్వు బస్సెక్కుతావ్. మేఘాలు కొలుచుకుంటూ కొండ మీద కూర్చుంటావ్. ఇక్కడ ఒక కుట్టుమిషను, ఒక నేను."

"ఏడుస్తున్నావా?"

"పొగ. సీసం పొగ. నోరు మూసుకుని పట్టుకో."

"ఈ అడాప్టర్‌లో కన్నీళ్ళు పడితే షార్ట్ అవుతుందా?"

"అవుతుంది. ఉప్పునీళ్ళు కదా. అందుకే ఏడవట్లేదు."

"నీ ముక్కు మీద సీసం అంటింది. ఇలా తిరుగు. ఇంకా ఇటు. అమ్మో, చుక్క పెట్టుకున్నట్టు ఉంది, పెళ్ళికూతురా!"

"తుడవవే! గిల్లకు, ఊడట్లేదు, కాలింది కూడా..."

"ముక్కుపుడక! సీసం ముక్కుపుడక! అన్నయ్యకి చూపిద్దాం, అట్టే పెట్టు!"

"నవ్వించకే, తీగ జారిపోతోంది. ఇదిగో, పెన్ను గొట్టంలో దూర్చేశా. తగిలించు. బల్ల గుద్దకు. చేతులు ఒళ్ళో పెట్టుకో."

"పెట్టుకున్నా. బళ్ళో కూర్చున్నట్టుంది."

"ఇప్పుడు మెల్లిగా, బల్ల ఊగకుండా, నవ్వు."

"ఎలా? ఊరికే నవ్వమంటే... ముక్కుపుడక చూస్తా అయితే... హ్హ... వద్దు, నువ్వలా మొహం పెట్టకు!"

"టక్."

"నువ్వన్నావా?"

"నేను అనలేదు. కెమెరా అంది."

"అయిపోయింది. ఇది పనికిరాదు."

"ఆగు, ఇంకో ఉపాయం..."

"వద్దు వదినా. టీ టైము అవుతోంది. ఇది దాని ఇష్టమొచ్చినట్టు టక్‌మంటుంటే అమ్మ వినదా? కూర్చోగానే తెలిసిపోతుంది. ఇంకెప్పుడూ ఈ కుర్చీలోనే కూర్చోదు."

"పిచ్చుకా..."

"ఆ కొండ మీద ఫోను పలకదు. చెప్పారు నాకు. వాన కొలిచే గొట్టాలు, గాలి చూసే చక్రం, ఒక గది. ఆ గదిలో బల్ల మీద పెట్టుకోడానికి మా అమ్మ ఒక్కసారి నవ్వుతున్న ఫొటో కావాలన్నా. ఒక్కటి. గుర్తింపు కార్డు ఫొటో పెట్టుకోమంటావా? వాన కూడా పడదు దాన్ని చూస్తే."

"ఏడవకే."

"ఉద్యోగం వచ్చిందని చెప్పిన్నాటి నుంచీ నా వంక చూసి నవ్వలేదు వదినా. వెళ్ళొద్దనదు. వెళ్ళమనదు. నేను గదిలోకి వస్తే కుట్టుమిషను ముందుకెళ్ళి కూర్చుంటుంది. దిండు గలీబులు కుడుతున్నా అంటుంది. నాకున్నది ఒక్క తల! ఎన్ని గలీబులు?"

"బల్ల అలా గుద్దకే. కోపం కాదే అది."

"మరేంటి? నేను పోతున్నానని కాస్తయినా ఉందా ఆవిడకి? ఇందాకట్నుంచి ఏడుస్తున్నా, వినపడను కూడా వినపడదు."

"ఇదుగో, ముక్కు తుడుచుకో. ఇప్పుడు మాత్రం టక్ అనలేదు చూడు, అది నయం."

"ఏంటే ఆ ఏడుపు?"

"అమ్మా!"

"అత్తయ్యా! మీరు... కూర్చోండి... టీ పెడతా..."

"టీ తర్వాత. గుడ్డముక్కల సంచి వెనక ఇది దొరికింది. బటన్‌లా ఉంది. పొడుగ్గా ఓ వైరు. లాక్కుంటూ వస్తే ఇక్కడికొచ్చింది. ఏంటిది?"

"అది... కాలింగ్ బెల్లు!"

"కారం డబ్బాకా?"

"చెప్పెయ్ పిచ్చుకా. నీ మొహం ఎలాగూ చెప్పేస్తోంది."

"నీ ఫొటో తీద్దామనుకున్నామమ్మా. నీకు తెలీకుండా. నువ్వు నవ్వుతుంటే. వదిన అడాప్టర్ చేసింది. అది పాడైపోయింది. దానంతటదే పడిపోతోంది. అంతే. తిట్టు."

"ఇది నొక్కితే పడుతుందా ఫొటో?"

"పడాలి."

"నేను నొక్కినా?"

"ఎవరు నొక్కినా పడుతుందత్తయ్యా."

"ఇది నాకు ముందే ఇవ్వొచ్చుగా?"

"నీకా? కెమెరా చూస్తేనే పారిపోతావుగా!"

"కెమెరా చూసి కాదే. ఆ చెప్పే పద్ధతికి. కదలకండి అంటారు. ఒకటి, రెండు అంటారు. మూడంటారు, తీయరు. ఆగండి ఆగండి అంటారు. నాకు ఊపిరాగిపోతుంది. ఎప్పుడు పడుతుందో తెలీక కళ్ళు చించుకుని కూర్చుంటాను. అప్పుడు తీస్తారు. బటన్ నా చేతిలో ఉంటే ఎవరి కోసం భయపడాలి?"

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమ్మా?"

"అడిగారా? ఇటు జరుగు. అమ్మాయ్, నువ్వూ రా. అక్కడ కాదు, నా పక్కన. నాతో నవ్వకూడదా ఏం నువ్వు?"

"అత్తయ్యా?"

"దగ్గరికి రా. ఆ ముక్కుపుడక కూడా పడనీ ఫొటోలో."

"అమ్మా, మెల్లిగా నొక్కు, అదసలే పాడైంది..."

"నాకు చెప్పకే. ఒకటి, రెండూ లేదు. నా ఇష్టం. నాకు నవ్వొచ్చినప్పుడు నొక్కుతా."

"ఎప్పుడొస్తుంది నవ్వు?"

"గుర్తింపు కార్డులో నేనెలా ఉంటాను, ఓసారి చూపించు."

"ఇలా..."

"ఇంకా మూతి బిగించు. నేనింకా బాగా బిగిస్తాను."

"అమ్మా! నువ్వు నవ్వుతున్నావ్! నొక్కు, నొక్కు!"

"పడింది! పిచ్చుకా, కుర్చీ ఎక్కి కెమెరా తే! చూద్దాం!"

"తెస్తున్నా, తోయకు... అమ్మా. అమ్మా, చూడు. పళ్ళన్నీ కనిపిస్తున్నాయ్. వదినా, చూడు మా అమ్మని!"

"ఎంత బాగున్నారో అత్తయ్యా. నా పెళ్ళి ఆల్బమ్‌లో ఈ మనిషి లేరు."

"వెనకవి కూడా చూపించు. అవెలా వచ్చాయో."

"అవి వట్టివమ్మా. షార్ట్ అయినప్పుడు పడ్డవి. ఇదుగో... ఇది నేను మూతి బిగించినప్పుడు, వదిన పొట్ట పట్టుకుంది. ఇది కత్తెర గోల తర్వాత. ఇది ముక్కుపుడక... వదినా."

"ఊఁ."

"అన్నిట్లోనూ నవ్వుతూనే ఉన్నాం."

"బల్ల గుద్దావు కదా మరి."

"ముక్కుపుడకప్పుడు గుద్దలేదు. చేతులు ఒళ్ళో పెట్టించావ్. అదీగాక, ఇందాక నేను ఏడుస్తూ గుద్దాను. గట్టిగా. అప్పుడొక్కటీ పడలేదు."

"అడాప్టర్‌ని అనకండి. అది మొదటిసారే కుదిరింది. అమ్మాయి చెయ్యి మంచిది."

"అత్తయ్యా, ముక్కుపుడక అని మీకెలా... మీరు... చెవిలో... అమ్మో! కొత్త చెవిమిషను! ఒకే తీరున మోగే చప్పుడుని అణిచేసి మాటని పైకి తెస్తుంది. గంటసేపు కూర్చుని నేనే సెట్ చేశాను! కుట్టుమిషను దగ్గర కూడా తియ్యక్కర్లేదని మీకు నేనే చెప్పాను!"

"చెప్పావు. నేను విన్నాను. నువ్వే మర్చిపోయావు."

"అంటే పాలు..."

"పొద్దున్న పాలు అయిపోయాయని చెప్పిందే నేను. లేని పాలు ఎలా పొంగుతాయే?"

"మరి ఆ కత్తెర! 'ఏంటీ, ఏదీ' అని అంతసేపు..."

"బాగా నవ్వారుగా దాని తర్వాత. మంచిది వచ్చింది ఆ ఫొటో. నువ్వెళ్ళాక చూసుకోడానికి నాకూ ఒకటి కావద్దా?"

"అమ్మా... అయితే నేను ఏడ్చింది కూడా..."

"విన్నాను కాబట్టే లేచొచ్చాను. లేకపోతే ఇంకో నాలుగు తీసేదాన్ని."

"వదినా, మా అమ్మని చూడు! మనం ఆవిడ కోసం వల పన్నితే ఆవిడ... సరే, గలీబులైనా చూపించమ్మా. మధ్యాహ్నం నుంచీ ఆగకుండా కుట్టావుగా. ఎన్నయ్యాయి?"

"ఒక్కటీ కాలేదు. మిషను ఆగితే మీరు మాటలాపేస్తారని ఉత్తినే తొక్కుతూ కూర్చున్నానే, సూదిలో దారం కూడా ఎక్కించలేదు."